జీవిత భాగస్వామి వీసా: ఇంటర్వ్యూకు ముందే సగం తేలిపోయే కేసు

హన్మకొండ, కరీంనగర్, జగిత్యాల, నిజామాబాద్ పట్టణాల్లో అమెరికా సంబంధం కుదిరిన ఇంట్లో పెళ్లి పనులన్నీ వరుడి సెలవు చుట్టూ తిరుగుతాయి. రెండు మూడు వారాల్లో నిశ్చితార్థం, పెళ్లి, రిసెప్షన్, సత్యనారాయణ వ్రతం అన్నీ ముగియాలి. ఆయన విమానం ఎక్కిన మరునాటి నుంచి చుట్టపక్కాలు అడిగేది ఒక్కటే: అమ్మాయికి వీసా ఎప్పుడు? జవాబు కోసం ఇంటివాళ్లు కన్సల్టెన్సీలకు వెళతారు, అంతకు ముందే వెళ్లినవాళ్లను వాకబు చేస్తారు. ఎవరిని కదిపినా మాట ఇంటర్వ్యూ మీదికే వెళుతుంది. అధికారి ఏమి అడుగుతాడు, ఎలా జవాబివ్వాలి, ఏ ఫోటోలు పట్టుకెళ్లాలి అన్నదే చర్చ. కానీ ఆ కౌంటర్ దగ్గర గడిచేది చాలాసార్లు కొన్ని నిమిషాలే. అంతకు ముందు నెలల తరబడి, ఒక్కోసారి ఏళ్ల తరబడి ఫైలులో చేరిన కాగితాలే ఆ నిమిషాల్లో ఏమి జరగాలో నిర్ణయిస్తాయి. మన దగ్గర పెళ్లికి ఊరంతా సాక్షి. ఆ సాక్ష్యాన్ని కాగితం మీద పెట్టుకునే అలవాటు మాత్రం తక్కువ. నిజమైన దంపతులు కూడా చిక్కుల్లో పడేది అందుకే.

అన్నిటికన్నా ముందు, ఏ వీసా అన్నది తేల్చుకోవాలి. "భార్య వీసా" అని అందరూ ఒకే మాటగా అంటున్నా, అందులో పొంతనలేని రెండు దారులున్నాయి. భర్త హెచ్-1బీ అనే ఉద్యోగ వీసా మీద ఉంటే భార్యకు వచ్చేది హెచ్-4. అది తాత్కాలిక వీసా. ఆయన హోదా ఉన్నంతకాలమే అది ఉంటుంది. ఉద్యోగం చేసుకునే హక్కు దానితో రాదు. భర్త గ్రీన్‌కార్డు ప్రక్రియ ఐ-140 (ఉద్యోగం ద్వారా గ్రీన్‌కార్డుకు వేసే పిటిషన్) ఆమోదం దాకా వచ్చినవాళ్లకు, ఆరేళ్ల గడువు దాటి హెచ్-1బీ పొడిగింపు పొందినవాళ్లకు మాత్రం 2015 మే నుంచి భార్య పని అనుమతి కోసం దరఖాస్తు చేసుకునే వీలు కలిగింది. భర్త లేదా భార్య అమెరికా పౌరసత్వం గానీ గ్రీన్‌కార్డు గానీ ఉన్నవారైతే దారి వేరు. అది వలస వీసా. ఆ వీసాతో దిగినవారు మొదటి రోజు నుంచే శాశ్వత నివాసులు. ఉద్యోగం చేసుకోవచ్చు, చదువుకోవచ్చు.

ఈ తేడా తెలియక జరిగే మొదటి పొరపాటు ఊరి విషయంలో. హైదరాబాద్‌లో అమెరికా కాన్సులేట్ 2008లో బేగంపేటలోని పైగా ప్యాలెస్‌లో మొదలై, 2023లో నానక్‌రామ్‌గూడలోని సొంత భవనానికి మారింది. హెచ్-4 అయితే అక్కడే. వలస వీసా ఇంటర్వ్యూలు మాత్రం హైదరాబాద్‌లో జరగవు. దేశం మొత్తానికీ ఆ పని ముంబైలో, బాంద్రా కుర్లా కాంప్లెక్స్‌లోని కాన్సులేట్ చేస్తుంది. వరంగల్, కాజీపేట వాళ్లకు కోణార్క్ ఎక్స్‌ప్రెస్, నిజామాబాద్ వాళ్లకు దేవగిరి ఎక్స్‌ప్రెస్ నేరుగా ముంబై చేరుస్తాయి. ఇంటర్వ్యూకు ముందు వేలిముద్రలు, ఫోటో ఇవ్వడానికి మరో అపాయింట్‌మెంట్ ఉంటుంది. వైద్య పరీక్షకూ వ్యవధి కావాలి. ముంబైలో ఒక్క రోజులో పని ముగించుకుని తిరిగి రావచ్చనుకుని టికెట్లు తీసుకుంటే ఇబ్బంది పడతారు.

ప్రక్రియ చెప్పుకోవడానికి సులువే. అమెరికాలో ఉన్నవారు ఐ-130 అనే పిటిషన్‌ను అక్కడి పౌరసత్వ, వలస సేవల సంస్థ అయిన యూఎస్‌సీఐఎస్‌కు పంపుతారు. అది ఆమోదం పొందాక ఫైలు నేషనల్ వీసా సెంటర్‌కు వెళుతుంది. అక్కడ రుసుములు కట్టి, డీఎస్-260 అనే దరఖాస్తు నింపి, ఆర్థిక హామీ పత్రాన్నీ పౌర పత్రాలనూ అప్‌లోడ్ చేయాలి. అన్నీ సరిపోయాయని ఆ కేంద్రం అనుకున్నాక ముంబైలో ఇంటర్వ్యూ తేదీ కోసం వరుసలో పెడతారు. 2024 ఏప్రిల్‌లో సవరించిన రుసుముల ప్రకారం ఐ-130కి ఆన్‌లైన్‌లో 625 డాలర్లు, కాగితం మీద పంపితే 675. వీసా దరఖాస్తుకు 325, ఆర్థిక హామీ పరిశీలనకు 120, వీసా వచ్చాక ప్రయాణానికి ముందు కట్టేది 235. ఆన్‌లైన్ దారిలో మొత్తం 1,305 డాలర్లు. వైద్య పరీక్ష, ప్రయాణం అదనం. ఇంతకు మించి ఎవరైనా అడిగితే అది ప్రభుత్వానికి కాదు, వాళ్ల సొంత ఫీజు. నేషనల్ వీసా సెంటర్ రుసుములు అమెరికా బ్యాంకు ఖాతా నుంచే కట్టాలి కాబట్టి, ఆ డబ్బు ఇక్కడ చేతిలో పెడితే తాము కట్టేస్తామని చెప్పేవాళ్లను కూడా కాస్త ఆగి ప్రశ్నించాలి.

ఎంతకాలం పడుతుందన్నది పిటిషన్ వేసినవారి హోదా మీద ఆధారపడుతుంది. అమెరికా పౌరుల భార్యాభర్తలకు వీసాల సంఖ్యపై పరిమితి లేదు. ఫైలు కదలడానికి పట్టే సమయమే వారి నిరీక్షణ. గ్రీన్‌కార్డుదారుల భార్యాభర్తలు ఎఫ్2ఏ అనే కోవలోకి వస్తారు. అక్కడ ఏడాదికి ఇన్ని అన్న లెక్క ఉంది, అందుకే అమెరికా విదేశాంగ శాఖ ప్రతి నెలా విడుదల చేసే వీసా బులెటిన్‌లో తమ తేదీ వచ్చేదాకా ఆగాలి. మధ్యలో గ్రీన్‌కార్డుదారు పౌరసత్వం తీసుకుంటే ఆ సంగతి తెలియజేసిన మీదట కేసు మొదటి కోవలోకి మారుతుంది. చాలామందికి తెలియని మరో వెసులుబాటు ఉంది. ఉద్యోగం ద్వారా గ్రీన్‌కార్డు వచ్చినవారికి కార్డు రాకముందే పెళ్లయి ఉంటే, ఆ భార్య లేదా భర్త కొత్తగా ఎఫ్2ఏ వరుసలో నిలబడనక్కర లేదు, భర్త కేసు వెనుకే రావచ్చు. పెళ్లి తేదీ గ్రీన్‌కార్డు తేదీకి ఒక్క రోజు ముందా, ఒక్క రోజు వెనుకా అన్నది ఇక్కడ ఏళ్ల తేడా తెస్తుంది. ముహూర్తం పెట్టుకునేటప్పుడు ఈ ప్రశ్న వరుడిని అడిగే ఇళ్లు ఎన్ని ఉంటాయి?

ఇక ఆ పెళ్లి తేదీ గురించే కొంచెం ఎక్కువ చెప్పుకోవాలి. నిశ్చితార్థం కాగానే, అసలు పెళ్లి ఇంకా నెలల దూరంలో ఉండగానే, సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో రిజిస్టర్ చేయించి వీసా పని మొదలుపెట్టే పద్ధతి మన ప్రాంతంలో బాగా పాతుకుపోయింది. సమయం కలిసి వస్తుందన్నది ఆలోచన. అయితే హిందూ వివాహ చట్టం కింద రిజిస్ట్రేషన్ అంటే జరిగిన పెళ్లిని నమోదు చేయడమే. జరగని పెళ్లిని ఆ సర్టిఫికెట్ పుట్టించలేదు. 2024లో సుప్రీంకోర్టు ఒక కేసులో ఇదే స్పష్టం చేసింది. ఆచారబద్ధమైన వివాహక్రతువు జరగకుండా తెచ్చుకున్న సర్టిఫికెట్‌తో ఆ ఇద్దరూ దంపతులు కారని తేల్చింది. విదేశీ వీసాల తొందరలో ఇలా ముందుగా రిజిస్టర్ చేయించుకునే అలవాటును ఆ తీర్పులోనే తప్పుపట్టింది. వీసా సంగతికి వస్తే, సర్టిఫికెట్‌లో ఫిబ్రవరి, శుభలేఖలో మే, ఫోటోల్లో మే, పిటిషన్‌లో ఫిబ్రవరి ఉంటే అధికారికి కలిగే మొదటి సందేహం సహజమైనదే: వీళ్ల పెళ్లి అసలు ఎప్పుడు జరిగింది? నిజంగా ముందే చట్టబద్ధమైన వివాహం కావాలంటే 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం ఉంది. దానికి 30 రోజుల నోటీసు గడువు ఉంటుంది. ఆ దారి పట్టనివాళ్లు పెళ్లి అయ్యాకే రిజిస్టర్ చేయించుకోవడం మంచిది. వరుడి సెలవులో ఒక రోజు ఇందుకోసం ముందే పక్కన పెట్టుకుంటే చాలు. విందులకు దొరికే రోజు దీనికి ఎందుకు దొరకదు?

కాగితాల్లో రెండో చిక్కు ఉత్తర తెలంగాణకు ప్రత్యేకమైనది. 1996లో ములుగులో పుట్టిన అమ్మాయిని తీసుకుందాం. ఆమె జనన ధ్రువపత్రంలో వరంగల్ జిల్లా, ఆంధ్రప్రదేశ్ అని ఉంటుంది. 2014 జూన్ 2న రాష్ట్రం తెలంగాణ అయింది. 2016 అక్టోబర్‌లో జిల్లాలను విడదీసినప్పుడు ములుగు జయశంకర్ భూపాలపల్లి జిల్లాలోకి వెళ్లింది. 2019లో సొంత జిల్లా అయింది. ఇల్లు కదలకుండానే ఆమె చిరునామాలో మూడు జిల్లాలు, రెండు రాష్ట్రాలు చేరాయి. హన్మకొండ వాళ్లదీ ఇలాంటి కథే. 2016లో వరంగల్ అర్బన్, 2021లో హన్మకొండ జిల్లా. అప్పటిదాకా వరంగల్ రూరల్‌గా ఉన్నది ఇప్పుడు వరంగల్ జిల్లా. పదో తరగతి మెమోలో ఒకటి, ఆధార్‌లో ఇంకొకటి, పాస్‌పోర్టులో మరొకటి ఉండడం ఇక్కడివాళ్లకు వింత కాదు. ముంబైలోనో అమెరికాలోనో కూర్చుని ఫైలు చూసే మనిషికి మాత్రం ఇవి మూడు వేర్వేరు ఊళ్లుగా కనిపించవచ్చు. దీనికి భయపడి పాత ధ్రువపత్రాలు మార్పించాలని పరుగెత్తడం అనవసరం. అన్ని ఫారాల్లోనూ పాస్‌పోర్టులో ఉన్నట్టే రాసి, జిల్లా ఎప్పుడెలా మారిందో ఒక పేజీలో తేదీలతో వివరించి, సంబంధిత ప్రభుత్వ ఉత్తర్వు ప్రతిని జత చేసుకుంటే విషయం తేటతెల్లమవుతుంది.

పేర్ల విషయం ఇంతకన్నా గట్టిది. మనకు ఇంటిపేరు ముందు, సొంత పేరు తరువాత. మెమోలో ఇంటిపేరు పొడి అక్షరంగా, ఆధార్‌లో పూర్తిగా, పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా, పేరంతా ఒకే గడిలో ఉంటుంది. ఖాళీ గడి వల్ల అమెరికా వీసా మీద సొంత పేరు స్థానంలో "తెలియదు" అన్న అర్థం వచ్చే మూడక్షరాల గుర్తు పడుతుంది. తరువాత అక్కడ డ్రైవింగ్ లైసెన్సు, బ్యాంకు ఖాతా అన్నిటికీ అది వెంటాడుతుంది. పిటిషన్ వేయడానికి ముందే పాస్‌పోర్టులో పేరును రెండు గడులుగా సరిచేయించుకోవడం ఎంతో మేలు. పెళ్లి తరువాత ఇంటిపేరు మార్చుకోవాలా వద్దా అన్నది ఆమె ఇష్టం. వీసా కోసం మార్చుకోవాలన్న నియమం ఎక్కడా లేదు. పుట్టింటి పేరుతోనే ఉండవచ్చు. ఐ-130 ఒక పేరుతో వేసి, మధ్యలో పాస్‌పోర్టు ఇంకో పేరుతో తీసుకోవడమే చిక్కు తెస్తుంది.

పల్లెల్లో పుట్టినవారికి జనన ధ్రువపత్రమే ఉండకపోవచ్చు. 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం ఉన్నా, ఇంట్లో కాన్పు అయిన పిల్లల పేర్లు పంచాయతీ రిజిస్టర్‌కు ఎక్కని సందర్భాలు చాలా ఉన్నాయి. ఎక్కినా, "ఆడ శిశువు" అని తల్లిదండ్రుల పేర్లతో నమోదై, బిడ్డ పేరు లేకుండా మిగిలినవి ఇంకెన్నో. పేరు చేర్చడం మీసేవ ద్వారానో మున్సిపాలిటీ ద్వారానో అయ్యే పని. అసలు నమోదే లేకపోతే ముందు ఆ సంగతిని ధ్రువీకరించే పత్రం, తరువాత ఆర్డీవో స్థాయి ఉత్తర్వుతో ఆలస్యపు నమోదు చేయించుకోవాలి. ఇప్పుడు కొత్తగా పుట్టించిన ధ్రువపత్రం ఒక్కటే చూపడం కన్నా, దానికి తోడు స్కూలు రికార్డు, పదో తరగతి మెమో, తల్లిదండ్రుల అఫిడవిట్ ఉంచుకోవడం మంచిది. ఇది ఇంటర్వ్యూ పిలుపు వచ్చాక మొదలుపెట్టే పని కాదు. తహసీల్దార్ ఆఫీసు చుట్టూ ఎన్నిసార్లు తిరగాల్సి వస్తుందో ఎవరూ ముందే చెప్పలేరు.

పోలీస్ క్లియరెన్స్ సర్టిఫికెట్ పాస్‌పోర్టు కార్యాలయం నుంచి తీసుకోవాలి. 2022 సెప్టెంబర్ చివరి నుంచి పోస్టాఫీసు పాస్‌పోర్టు సేవా కేంద్రాల్లోనూ దీనికి దరఖాస్తు తీసుకుంటున్నారు. వరంగల్ వాళ్లకు ఇది పెద్ద ఊరట. గుర్తుంచుకోవాల్సింది చిరునామా. పెళ్లయ్యాక అత్తవారింటికి వెళ్లిన అమ్మాయి ఆధార్‌లో పుట్టింటి చిరునామాయే ఉంటే, విచారణకు వచ్చే పోలీసు పుట్టింటికే వస్తాడు. ఎక్కడ ఉంటున్నారో అదే రాయాలి, రాసిన చోట ఆ సమయానికి మనిషి ఉండాలి.

ఈ ప్రాంతంలో మరో పెద్ద అంశం గల్ఫ్. జగిత్యాల, సిరిసిల్ల, నిర్మల్, నిజామాబాద్ జిల్లాల్లో దుబాయి, సౌదీ, కువైట్ చూడని కుటుంబం అరుదు. అమెరికాలో స్థిరపడిన నర్సునో సాఫ్ట్‌వేర్ ఉద్యోగినినో పెళ్లాడిన యువకుడు అంతకు ముందు కొన్నేళ్లు గల్ఫ్‌లో పనిచేసి ఉండవచ్చు. 16 ఏళ్లు నిండాక ఏ దేశంలోనైనా 12 నెలలకు మించి ఉన్నవారు ఆ దేశపు పోలీస్ సర్టిఫికెట్ కూడా ఇవ్వాలి. అక్కడ ఉండగా తీసుకోవడం తేలిక. తిరిగి వచ్చి వీసా రద్దయ్యాక తెప్పించుకోవడం కష్టం. ఏ దేశం నుంచి ఎలా తెచ్చుకోవాలో, ఏ దేశపు సర్టిఫికెట్ దొరకదో అమెరికా విదేశాంగ శాఖ దేశాల వారీగా ప్రకటించింది. ఏజెంటు మాట వినే ముందు ఆ జాబితా చూసుకోవాలి. గల్ఫ్‌లో ఉన్న కాలాన్ని ఫారంలో చూపకుండా దాటేస్తే సరిపోతుందన్న సలహా మాత్రం అన్నిటికన్నా ప్రమాదకరమైనది. ఆ ప్రయాణాల ముద్రలు పాత పాస్‌పోర్టులోనే ఉంటాయి.

దాచిపెట్టడం దాకా వచ్చాం కాబట్టి ముందు జరిగిన పెళ్లి గురించి మొహమాటం లేకుండా మాట్లాడుకోవాలి. మన దగ్గర విఫలమైన మొదటి పెళ్లిని చుట్టాల దగ్గరే దాస్తారు. కొన్ని నెలలే నిలిచిన సంబంధాన్ని పెద్దమనుషుల ఎదుట బాండు పేపరు మీద రాసుకుని తెంపుకుంటారు. దాన్ని పెళ్లిగా లెక్కపెట్టనక్కర లేదని ఇంట్లోవాళ్లు నచ్చజెబుతారు. ఐ-130 మాత్రం ఇద్దరి పాత పెళ్లిళ్లన్నిటినీ, అవి ముగిసిన తేదీలతో సహా అడుగుతుంది. హిందూ వివాహ చట్టంలోని 29వ సెక్షన్ ఆచార విడాకులను కాపాడినా, ఆ కులంలో అలాంటి ఆచారం ఉందని రుజువు చేయాల్సిన భారం చెప్పుకున్నవాళ్లదే. వీసా ఫైలులో నిలబడేది కోర్టు డిక్రీ. అది లేకుండా రెండో పెళ్లి చేసుకుంటే రెండో పెళ్లే ప్రశ్నార్థకం అవుతుంది. పాత పెళ్లిని దాచి, అది తరువాత బయటపడితే వచ్చేది ఇంకా పెద్ద కష్టం. వీసా కోసం కీలకమైన విషయంలో అబద్ధం చెప్పినవారిని అమెరికా వలస చట్టం శాశ్వతంగా అనర్హులను చేస్తుంది. మినహాయింపు అడగవచ్చు, కానీ అది దొరుకుతుందన్న హామీ లేదు. విడాకులు తీసుకోవడం నేరం కాదు, సిగ్గుపడాల్సినదీ కాదు. డిక్రీ చేతిలో ఉన్న మనిషికి ఈ ప్రక్రియలో విడాకుల వల్ల వచ్చే నష్టం లేదు.

ఆర్థిక హామీ పత్రం ఐ-864ను చాలామంది ఒక సంతకంగా చూస్తారు. అది అమెరికా ప్రభుత్వంతో చేసుకునే ఒప్పందం. పిటిషన్ వేసినవారి ఆదాయం అక్కడి పేదరిక ప్రమాణానికి 125 శాతం ఉండాలి. 2025 లెక్కల్లో ఇద్దరి కుటుంబానికి అది దాదాపు 26,400 డాలర్లు. చాలకపోతే మరొకరు ఉమ్మడి హామీదారుగా చేరవచ్చు. వధువు తల్లిదండ్రులు తెలుసుకోవాల్సిన సంగతి ఒకటి ఇందులో ఉంది. విడాకులు అయినా ఈ బాధ్యత తీరదు. ఆమె పౌరసత్వం పొందేదాకా, లేదా దాదాపు పదేళ్ల పనికాలం లెక్కకు వచ్చేదాకా, లేదా దేశం విడిచి వెళ్లేదాకా హామీ ఇచ్చినవారి మీద ఉంటుంది.

వైద్య పరీక్ష కాన్సులేట్ గుర్తించిన వైద్యుల దగ్గరే చేయించుకోవాలి. ఇంటి డాక్టరు రిపోర్టు పనికిరాదు. ఎక్స్‌రేలో క్షయ అనుమానం కనిపిస్తే కఫం కల్చర్ పరీక్షకు దాదాపు 8 వారాలు ఆగాల్సి వస్తుంది, అందుకే ఇంటర్వ్యూకు వెళ్లకముందే విమాన టికెట్లు కొనడం తగదు. చిన్నప్పటి టీకాల కార్డు దొరికితే తీసుకెళ్లడం మంచిది.

ఇప్పుడు ఇంటర్వ్యూ. కుడిచేయి ఎత్తి నిజమే చెబుతానని ప్రమాణం చేశాక మొదలవుతుంది. పిటిషన్ వేసినవారు పక్కన ఉండనక్కర లేదు. సంబంధం ఎవరు తెచ్చారు, మొదట ఎక్కడ చూసుకున్నారు, ఎప్పుడు ఒప్పుకున్నారు, పెళ్లి ఎక్కడ జరిగింది, ఎవరెవరు వచ్చారు, ఆయన ఏ ఊళ్లో, ఎవరితో ఉంటున్నాడు, ఏమి చేస్తాడు, పెళ్లయ్యాక ఎన్నిసార్లు వచ్చాడు, ఇంతకు ముందు ఎవరికైనా పెళ్లయిందా? ఇలాంటివే ప్రశ్నలు. పెద్దలు కుదిర్చిన పెళ్లి అధికారులకు కొత్త కాదు. పెళ్లిచూపుల్లో గంటసేపు మాట్లాడుకుని ఒప్పుకున్నామంటే అదొక్కటే అనుమానానికి కారణం కాదు. ప్రేమకథ అల్లమని సలహా ఇచ్చేవాళ్ల మాట అందుకే వినకూడదు. అధికారి వెతికేది ఈ పెళ్లి గ్రీన్‌కార్డు కోసం చేసుకున్నదా, కాపురం కోసం చేసుకున్నదా అన్నది. వయసులో పెద్ద తేడా, ఇరువైపులా పెద్దలు లేని పెళ్లి, ఫోటోల్లో ఇద్దరు ముగ్గురే కనిపించడం, విడాకులైన వెంటనే మళ్లీ పెళ్లి, పెళ్లి తరువాత ఒక్కసారి కూడా కలుసుకోకపోవడం వంటివి ఉంటే ప్రశ్నలు పెరుగుతాయి. ఇవి ఉన్నంత మాత్రాన వీసా పోదు, వాటి వెనుక కారణాన్ని తడబడకుండా చెప్పాలి.

ఆల్బమ్‌లో ఉన్న ఫోటోలన్నీ మోసుకెళ్లడం కన్నా, బంధువులతో కలిసి ఉన్నవి, పెళ్లి తరువాత ఇద్దరూ కలిసి గడిపిన రోజులవి కొన్ని ఎంచుకోవడం మేలు. శుభలేఖ, ఆయన వచ్చి వెళ్లిన టికెట్లు, పాస్‌పోర్టు ముద్రలు, ఆమె ఖాతాకు పంపిన డబ్బు వివరాలు, బీమాలో నామినీగా ఆమె పేరు, కాల్స్ చరిత్ర కొన్ని పేజీలు సరిపోతాయి. వీటిలో చాలా వాటిని పెళ్లయిన వారం నుంచే దాచుకోవాలి. ఫోను మార్చినప్పుడు పోయిన సంభాషణలను ఇంటర్వ్యూ ముందు తిరిగి తేలేరు. డీఎస్-260 గత అయిదేళ్లలో వాడిన సామాజిక మాధ్యమాల ఖాతాల పేర్లు అడుగుతుంది. అక్కడ పెళ్లికి ముందు ఫోటోలు తుడిచేయాలని కంగారు పడేవాళ్లున్నారు. వాడిన ఖాతాను రాయకుండా వదిలేయడమే అసలు ముప్పు.

కన్సల్టెన్సీల్లో జరిగే ఒక పని మీద ప్రత్యేకంగా చెప్పాలి. వాళ్లు ఫారం నింపుతారు, ఇంటర్వ్యూకు జవాబులు బట్టీ పట్టిస్తారు. అందరి నోటా ఒకే వాక్యాలు వస్తే అధికారి పట్టుకోకుండా ఉంటాడా? అంతకన్నా నష్టం కలిగించేది, తన పేరు మీద ఏమి రాశారో దరఖాస్తుదారు చదవకపోవడం. అమీర్‌పేట హాస్టల్లో ఉండి చదివిన రెండేళ్లు, మాదాపూర్‌లో చేసిన ఉద్యోగం ఫారంలో లేవనుకుందాం. కౌంటర్ దగ్గర ఆమె నిజం చెబుతుంది. నిజం చెప్పినందుకే ఆమె జవాబు ఫైలుతో తేడాపడుతుంది. ఐ-130, దానితో ఇచ్చే ఐ-130ఏ, డీఎస్-260 ప్రతులు మూడూ ఆమె చేతిలో ఉండాలి. ముంబై వెళ్లే ముందు వాటిని భర్తతో కలిసి ఫోనులో చదువుకోవాలి. తప్పు కనిపిస్తే ఇంటర్వ్యూలో మొదటే చెప్పి సరిచేయించుకోవచ్చు. ప్రశ్న అర్థం కాకపోతే మళ్లీ అడగమనడం తప్పు కాదు. తెలియనిదాన్ని తెలియదనడం కూడా అంతే.

ఆ రోజే వీసా ఇవ్వకపోతే ఇంట్లో శోకాలు మొదలవుతాయి. 221(జి) అన్న పత్రం చేతికి వస్తే ఏదో ఒక కాగితం తక్కువైందని, లేదా పరిశీలన ఇంకా మిగిలి ఉందని అర్థం. ఆన్‌లైన్‌లో అది "నిరాకరణ" అని కనిపిస్తుంది, కేసు మాత్రం ముగిసినట్టు కాదు. అడిగినవి ఏడాదిలోగా ఇవ్వాలి. ఆ గడువు దాటనిస్తే మళ్లీ మొదటికి రావాల్సి ఉంటుంది. పెళ్లి మీదే సందేహం కలిగితే అధికారి పిటిషన్‌ను రద్దు చేయమంటూ యూఎస్‌సీఐఎస్‌కు తిప్పి పంపవచ్చు. పైకోర్టులో గెలుచుకోవచ్చన్న ఆశ ఇక్కడ అంతగా పనిచేయదు. 2024 జూన్‌లో అమెరికా సుప్రీంకోర్టు, ఒక పౌరురాలి విదేశీ భర్తకు వీసా నిరాకరించిన కేసులో, జీవిత భాగస్వామిని దేశంలోకి తెచ్చుకోవడం పౌరులకు రాజ్యాంగం ఇచ్చిన ప్రాథమిక హక్కు కాదని చెప్పింది. కాన్సులర్ అధికారి నిర్ణయాన్ని కోర్టులు తిరగతోడే వీలు చాలా తక్కువ. అందుకే మొదటిసారే ఫైలు సరిగా ఉండడం ఇంత ముఖ్యం.

ఈ నిరీక్షణ భారం ఎక్కువగా ఇక్కడ మిగిలిన అమ్మాయి మీద పడుతుంది. ఐ-130 వేయగానే ఉద్యోగం మాన్పిస్తారు. పైచదువు వద్దంటారు. ఎప్పుడైనా వెళ్లిపోతుందని ఇంటిపని తప్ప వేరే ధ్యాస లేకుండా చేస్తారు. ఫైలు ఏడాదికి పైగా నడిచే కేసుల్లో ఇది ఆమె జీవితాన్నే వృథా చేయడం. వీసా పాస్‌పోర్టు మీద పడేదాకా ఆమె ఉద్యోగంలో ఉండవచ్చు, చదువుకోవచ్చు. ఆ ఉద్యోగం వీసాకు అడ్డు కాదు. తన జీతం, తన సర్టిఫికెట్లు చేతిలో ఉన్న మనిషి అక్కడికి వెళ్లాక కూడా నిలదొక్కుకోగలదు.

వీసా వచ్చాక సాధారణంగా ఆరు నెలల్లోగా, వైద్య పరీక్ష గడువు ముగియకముందే ప్రయాణించాలి. దిగిన రోజున ఆ వీసా మీద వేసే ముద్ర ఏడాదిపాటు గ్రీన్‌కార్డుగా చెల్లుతుంది. పిటిషన్ వేసినవారు పౌరులైతే, దిగేనాటికి పెళ్లయి రెండేళ్లు దాటితే ఐఆర్-1 అనే వీసా కోవ కింద పదేళ్ల కార్డు వస్తుంది. దాటకపోతే సీఆర్-1 కింద రెండేళ్ల షరతు కార్డు ఇస్తారు. బూటకపు పెళ్లిళ్లను అరికట్టడానికి 1986లో తెచ్చిన చట్టం నుంచి వచ్చిన ఏర్పాటు ఇది. ఆ కార్డు ముగిసే ముందు 90 రోజుల్లో ఇద్దరూ కలిసి ఐ-751 వేసి షరతు తొలగించుకోవాలి. అందుకు మళ్లీ ఉమ్మడి బ్యాంకు ఖాతా, ఇంటి అద్దె ఒప్పందం, పన్ను పత్రాలు కావాలి.

కొందరు భర్తలు ఆ సంతకాన్నే బెదిరింపుగా వాడుకుంటారు. తాను సంతకం పెట్టకపోతే వెనక్కి పోవాల్సిందేనని అంటారు. అది నిజం కాదు. నిజాయితీగా చేసుకున్న పెళ్లి విడాకులతో ముగిసినా, ఇంట్లో హింస ఎదురైనా, ఆమె ఒంటరిగానే ఐ-751 వేసి మినహాయింపు కోరవచ్చు. రెండేళ్ల గడువు దాకా ఆగనక్కర లేదు. ఇక్కడ ఉన్న కుటుంబం తెలంగాణ పోలీసు మహిళా భద్రతా విభాగంలోని ఎన్ఆర్ఐ సెల్‌ను సంప్రదించవచ్చు. ఇందుకోసం పెళ్లి సర్టిఫికెట్, ఐ-130, ఐ-864 ప్రతులు, పాస్‌పోర్టు పేజీలు ఆమె సొంత ఈమెయిల్‌లో ఒక సెట్టు, పుట్టింట్లో ఒక సెట్టు ఉండాలి. భర్త ఈమెయిల్‌లో మాత్రమే ఉన్న ఫైలు అవసరం పడిన రోజున ఆమెకు అందదు.